మేడ మీద ఎండిన నైలాన్

మా షెడ్డులో చేసే రింగు నువ్వుగింజలో సగం కూడా ఉండదు. చెవి మిషన్లో పెట్టే నైలాన్ రింగు. దాని రంధ్రంలో నా తలవెంట్రుక దూరితే సరుకు మంచిది, దూరకపోతే చెత్తబుట్టలోకే. నైలాన్ కరిగించి ఆ రింగులు పోసే మిషన్ మీద నాలుగేళ్లు నేనే ఉన్నాను. నా చేతి సరుకుకి ఎవరూ వంక పెట్టలేదు.

కృష్ణపట్నం గాలిలో చెమ్మ ఎక్కువ. నైలాన్ గింజలు దాన్ని ఇట్టే పీల్చుకుంటాయి. అందుకే డ్రయ్యర్లో ఆరబెట్టి, ఆ వేడి మీదే మిషన్లో పోయాలి. ఒకసారి డ్రయ్యర్ చెడిపోయింది. మా సూపర్‌వైజరు సంగం వైపు రైతుబిడ్డ. బస్తాలు మేడ మీదికి మోయించి, టార్పాలిన్ పట్ట పరిచి, వడ్లు ఎండబోసినట్టు గింజల్ని ఎండబోయించాడు. పైగా గంటకోసారి కాలితో తిరగేశాడు కూడా!

"అన్నా, సముద్రపు గాలికి ఇంకా చెమ్మ పడతాదన్నా," అన్నాను.

"పుట్టినకాడి నుంచి వడ్లు ఎండబెట్టినోణ్ణి. నాకు నువ్వు నేర్పతావా?" అన్నాడు.

ఆ రింగులు వేలితో నొక్కితే పుటుక్కున విరిగాయి. కొన్నవాళ్లు సరుకంతా తిప్పి పంపారు. ఓనరు అడిగితే అతను నన్ను చూపించి, "ఈమె చేతి చెమట సార్," అన్నాడు. నన్ను మిషన్ మీంచి తీసేసి, సరుకు ఏరే గదిలో కూర్చోబెట్టారు. అక్కడ ఫ్యాన్ వేయరు, వేస్తే రింగులు ఎగిరిపోతాయి. ఆ ఉక్కలో విరిగిన రింగులు ఏరుతుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. వీడి సంగతి తేల్చకుండా వదిలేది లేదనుకున్నాను. మేడ మీద మిగిలిన గింజలు ఒక సంచీడు దాచాను.

డ్రయ్యర్ బాగయ్యాక, కొన్న కంపెనీ ఇంజనీరు వచ్చాడు. ఓనరు, సూపర్‌వైజరు పక్కనే ఉన్నారు. "సార్, ఒక్కసారి నన్ను మిషన్ నడపనీయండి," అని అడిగాను. ముందు డ్రయ్యర్ గింజలు పోశాను. కరిగిన నైలాన్ మిషన్ ముక్కులోంచి తేనెలా నున్నగా జారింది. తర్వాత నా సంచీ కుమ్మరించాను. గింజల్లోని చెమ్మ ఆవిరై, మిషన్ బుసకొట్టి నురగ కక్కింది.

"ఈ రెండోవి ఎక్కడ ఎండినాయో అన్ననే అడగండి సార్."

సూపర్‌వైజరు మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మిషన్ నాకు తిరిగొచ్చింది, ఏరే గది అతనికి వెళ్లింది. పోనీలే, జాలిపడమని మా ఇంట్లో అన్నారు. నేను పడలేదు.

మూడోరోజు మధ్యాహ్నం అతను చొక్కా తడిసి ముద్దై నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఊపిరాడటంలా. అయిదు నిమిషాలు ఫ్యాన్ వేసుకుంటానక్కా."

నేను తలెత్తలేదు. రింగులో వెంట్రుక దూరుస్తూనే చెప్పాను.

"గాలి కావాలంటే మేడ మీదికి పో అన్నా. నీ పట్ట ఆడనే ఉంది."