సీసం వెతికిన మా మేడం

మా మేడం గారు పోయేరు. ఆదివారం ఆరాధనకి తయారవుతూ మంచం మీద కూర్చున్నారట, మళ్ళీ లేవలేదు. అనకాపల్లి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి చెప్తే, "మళ్ళీ ఒకసారి చూసేరా?" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీలేదు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళ నోటికి ముందు ఆ ప్రశ్నే వస్తుంది. మాకు అలవాటు చేసింది ఆవిడే.

కెమిస్ట్రీ చెప్పేవారు. ఆవిడ కిందే నేను పరిశోధన చేసేను. నీళ్ళలో సీసం ఉందో లేదో రంగుతో చెప్పే పరీక్ష తయారుచెయ్యడం మా పని. ఆప్టమర్ అని ఒక చిన్న డీఎన్ఏ పోగు ఉంటుంది. సీసం తగిలితేనే అది ముడుచుకుని దాన్ని పట్టుకుంటుంది. పట్టుకున్న సంగతి మన కంటికి ఆనదు. అందుకని పోగు ముడుచుకోగానే పని మొదలెట్టేలా ఓ ఎంజైముని జత చేస్తాం. అది ఆగకుండా రంగు పుట్టిస్తూ పోతే నీళ్ళు ఆకుపచ్చగా మారతాయి.

"పోగు చెవిలో చెప్తుందిరా, ఎంజైము మైకులో చెప్తుంది," అనేవారు మేడం. "మైకుకి నిజం, అబద్ధం తెలీవు. ఏదైనా గట్టిగానే చెప్తుంది."

కరెంటు పోతే ఎంజైము పాడవుతుందని సోడా కొట్టు నుంచి ఐసు తెప్పించేవారు. చుక్కలు వేసేటప్పుడు ఫాను ఆపేసేవారు. మే నెలలో ఉడికి చచ్చేవాళ్ళం. నేను విసుక్కుంటే, కూనిరాగం ఆపకుండానే మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టేవారు.

కశింకోట అవతల ఓ చిన్న పేట. అందరికీ ఒకటే బావి. కాలేజీ మేడం నీళ్ళు చూడ్డానికి వస్తున్నారని, బావి పక్కింటావిడ ఇత్తడి బిందెకి లోపల కొత్తగా తగరం కళాయి వేయించి, ముందురోజే నీళ్ళు నింపి ఉంచింది. కాదని బావిలో చేద వేస్తే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని, మేడం ఆ బిందెలోంచే బాటిల్ నింపేరు.

ల్యాబులో ఆకుపచ్చ రంగు గుప్పుమంది. మళ్ళీ చేసేం, మళ్ళీ అదే రంగు. పసిపిల్లలు తాగే నీళ్ళు కదాని మేడం ఆ సాయంత్రమే వెళ్ళి బావి ముట్టుకోవద్దని చెప్పేరు. ఇంకేముంది, ఆ మాట చుట్టుపక్కలంతా పాకింది. పేట ఆడవాళ్ళు ఎండలో పొరుగూరి బోరుకి నడిచేరు, అక్కడ నానా మాటలూ పడ్డారు. వాళ్ళు పోసే పాలు కూడా హోటళ్ళవాళ్ళు వద్దన్నారు.

మేడంకి అన్నం సహించలేదు. చుట్టూ చెరుకు తప్ప ఏమీ లేని చోటికి సీసం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒకటే మథన. మళ్ళీ వెళ్ళి, ఈసారి తన చేత్తో తోడి తెచ్చేరు. ఎంతసేపు చూసినా రంగు రాలేదు. ముందు తెచ్చిన బిందె నీళ్ళు వేస్తే మాత్రం వెంటనే వచ్చింది. కళాయి వేసినవాడు తగరంలో సీసం కలిపేడు.

బావి బాగుచేయించేమని చెప్తే పోతుంది, పరువు నిలుస్తుంది అని కాలేజీలో కొందరు సలహా ఇచ్చేరు. ఆవిడ వింటేనా! ఆదివారం ఆరాధన అయ్యేక పేట జనమంతా గుడి బయట ఉండగా వెళ్ళి నిలబడ్డారు.

"మీ బావి మంచిదే. తప్పు నాది. బావిని అడగాల్సింది, బిందెని అడిగేను."

బిందె ఆవిడ ఏడ్చేసింది. "నేనే గదమ్మా మురిసిపోయి పోసేను. పిల్లలికీ దాంట్లోవే పోత్తన్నాను."

"నువ్వు మర్యాద చేసేవు తల్లీ. ఎక్కడివని అడగాల్సింది నేను. ఆ బిందె మాత్రం ఇంక వాడకు," అని మేడం బావి దగ్గరికి నడిచి, చేద వేసి, తోడుకుని, అందరూ చూస్తుండగా దోసిళ్ళతో తాగేరు. తర్వాత హోటలు హోటలుకీ తిరిగేరు. తప్పు మాట ఎంత దూరం పోయిందో దిద్దిన మాటా అంత దూరం పోవాలి అన్నారు. పాలు మళ్ళీ కొనేదాకా ఆవిడ తిరగడం మానలేదు.

ఇప్పుడు ఏ ఫలితం చూసినా భయంగా ఉంది నాకు. నిలబెట్టి అడిగే మనిషి లేదు. ఏడుపొస్తోంది.

సమాధుల తోటలో మట్టి వేసేసరికి ఎండ మాడుతోంది. ఆ పేట బిందె ఆవిడే, ఈసారి స్టీలు బిందె చంకన పెట్టుకుని వచ్చింది. నిలబడ్డవాళ్ళందరికీ గ్లాసుతో నీళ్ళు ఇచ్చుకుంటూ నా దగ్గరికి వచ్చి, నేను అడక్కుండానే చెప్పింది.

"బావిలోవే బాబూ. నేనే తోడి ఆటోలో తెచ్చేను."

తాగేను. ఆవిడ అందరికీ పోసేక వెళ్ళి, మేడం పక్కన మట్టిలో కూర్చుంది, ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకుని.