బ్లేడు మేష్టారు

ఆయన్ని అందరూ బ్లేడు మేష్టారనేవారు. మెదడు పరిశోధనశాలలో, మైనంలో బిగించిన మెదడు ముక్కల్ని వెంట్రుక కన్నా పల్చటి పొరలుగా కోయడం ఆయన ఉద్యోగం. ఆ పేరుకి రెండో కారణం, పక్కన కూర్చున్నవాళ్ళ బుర్ర తినేసేలా మాట్లాడటం. నేనాయన దగ్గరే పని నేర్చుకున్నాను.

ఆ పొరల ఫోటోలు కంప్యూటర్‌కి చూపించేవారు. వయసుతో పాడైన మెదడేదో, నిలబడ్డదేదో వేల ఫోటోల మీద నేర్చుకుని, ఉన్న మందుల్లో ఏవి పనికొస్తాయో అది జాబితా ఇచ్చేది.

"పొర మడతపడితే అది దాన్నే జబ్బనుకుంటుందమ్మా. మన చేతి తప్పు దాని బుర్రలో పడకూడదు" అనేవారు మేష్టారు.

అలాంటి మనిషి కోసిన పొరలు మడతలు పడటం మొదలైంది. ఒకరోజు ఒకే ముక్కకి మూడుసార్లు నంబరు వేశారు. ఏడు నెలలపాటు, ఎవరికీ తెలియకుండా, ఆయన పాడుచేసినవి నేనే తీసేసి, మళ్ళీ కోసి పెట్టాను. చివరికి ఆయనే కనిపెట్టారు. నేను కోసిన పొర అంటించిన ఒక గాజు పలక నా ముందు పెట్టి, "ఇది నా చెయ్యి కాదు" అన్నారు. మర్నాటి నుంచి రాలేదు.

కంప్యూటర్ ఎంచిన మందొకటి మతిమరుపు జబ్బుకి మనుషుల మీద పరీక్షిస్తుంటే ఆయన తన పేరిచ్చారు. పోయాక తన మెదడు మాకే ఇవ్వాలని సంతకమూ పెట్టారు. ఏడాదిన్నర మాత్రలు వేసుకున్నారు. ముందు నా పేరు మర్చిపోయారు, తర్వాత భార్య పేరు. ఆవిణ్ణి నేను పిన్నిగారంటాను. భర్త మర్యాదగా 'ఎవరండీ మీరు' అని అడిగినప్పుడల్లా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని ఏడ్చేది.

ఆయన పోయాక, ఆయన మెదడు ముక్కలు వేరేవాళ్ళచేత కోయిస్తానంది పరిశోధనశాల నడిపే మా డాక్టరమ్మ. పిన్నిగారు ఒప్పుకోలేదు.

"నువ్వే చెయ్యమ్మా. ఆయనకి ఎవరి పనీ ఒక పట్టాన నచ్చదు."

మొదటి పొర, సాపు చేయడానికి గోరువెచ్చటి నీళ్ళ మీద వదలగానే చిరిగిపోయింది. పక్కన పెట్టి రెండోది కోశాను. నాలుగు రోజులు అదే పని. ఒక్క మడత పడితే ఒట్టు.

ఆయన మెదడులో ఒక చిన్న భాగం, అనుకున్నదానికన్నా తక్కువ పాడైందని తేల్చింది కంప్యూటర్. ఒక్క మనిషిని చూసి మందు వల్లేనని చెప్పలేమని డాక్టరమ్మ గట్టిగా అంది. అంతా పిన్నిగారికి వివరించాను.

"ఏ భాగం?" అనడిగింది.

చేతుల కదలికకి సంబంధించిందన్నాను.

"చివరిదాకా చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు" అంది ఆవిడ. "అదేనేమో."