దర్జీ ఆవిడ ఆగిపోయిన పాఠం

ఆఫీసులో ఆమెను పాఠాలక్క అనేవారు. ఉద్యోగం బీమా కంపెనీలో ప్రోగ్రామరుగా. ఆ పేరు మాత్రం సాయంత్రాలు చేసే పనివల్ల వచ్చింది. ప్రోగ్రాములు రాయడం నేర్పే పాఠాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అని పైన రాసి ఉండేది. మొదట్లో నలుగురు కలిసి దిద్దేవారు. ఒకరికి పెళ్లయింది, ఒకరికి పెద్ద ఉద్యోగం వచ్చింది, ఇంకొకరు చెప్పాపెట్టకుండా మానేశారు. 'ఎవరైనా' అంటే చివరికి ఆమె ఒక్కతే అయింది.

సాఫ్ట్‌వేరు మారినప్పుడల్లా పాఠంలో ఏదో ఒకటి చెడేది. ఫిర్యాదు వచ్చేది, దిద్దేది. ఫిర్యాదు రాని రోజు ఆమెను పలకరించే దిక్కే ఉండేది కాదు. మూడో అంతస్తులో ఒంటి గది, గోడ అవతల పక్కింటి టీవీ.

"ఎవరికోసమే ఈ జీతం నాతం లేని చాకిరీ?" అన్నాడు అన్నయ్య ఫోన్లో.

"నేర్చుకునేవాళ్ల కోసం."

"ఒక్కరినైనా చూశావా?"

చూడలేదు. ఆ మాట మనసులో గుచ్చుకుంది. గ్రంథాలయంలో శనివారాలు తన పాఠాలతోనే క్లాసు జరుగుతోందని తెలిసి, వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. పక్కన ఒక దర్జీ ఆవిడ. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. కొలతలిస్తే గుడ్డ ఎంత పడుతుందో చెప్పే ప్రోగ్రాము రాసుకోవాలని ఆవిడ ఆశ. మొదటి పాఠంలోనే ఆగిపోయింది. పాఠంలోని బొమ్మలో కుడివైపున్న బటను ఆవిడ కంప్యూటరు తెర మీద లేదు. కొత్త వెర్షనులో దాన్ని మెనూలోకి మార్చారు. పాఠాలక్క మాటలు దిద్దింది గానీ బొమ్మ మార్చలేదు.

"చూడండి, 'చాలా సులభం, నొక్కితే చాలు' అని రాశారు. ఇంత సులభమైందే నాకు రావట్లేదంటే ఇక నా బుర్రలో ఏముందో!" అని ఆవిడ నవ్వింది.

"బొమ్మ పాతదండీ. తప్పు మీది కాదు."

"ఊరుకోండి. రాసినవాళ్లు ఆ మాత్రం చూసుకోరా?"

రాసింది నేనేనని పాఠాలక్క చెప్పబోయింది. ఈలోగా ఆవిడ సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాడంతా పాఠాలక్క ఇల్లు కదలలేదు. 'సులభం', 'అంతే', 'మీకు తెలిసిందే' అన్న మాటలు కనబడ్డ చోటల్లా కొట్టేసింది. అవి రాసేటప్పుడు ధైర్యం చెబుతున్నానని అనుకుంది మరి. బొమ్మలన్నీ కొత్తగా పెట్టింది.

తర్వాతి శనివారం క్లాసు సాఫీగా సాగింది. "ఎవరో మార్చారండీ, బాగుంది," అన్నాడు లైబ్రేరియన్. దర్జీ ఆవిడ మాత్రం రాలేదు. పాఠాలక్క ఆయన్ని అడ్రసు అడిగి ఆవిడ కుట్టు దుకాణానికి వెళ్లింది.

"ఆ పాఠం రాసింది నేనేనండీ."

కుట్టుమిషను ఆగింది. "అయ్యయ్యో, మీ మొహం మీదే అనేశానే!"

"మంచిపని చేశారు. ఇప్పుడు మార్చాను. ఒకసారి వస్తారా?"

"చూద్దాంలెండి. ఇప్పుడు ఊపిరాడని పని." మిషను మళ్లీ మొదలైంది.

ఆవిడ రాలేదు. పాఠాలక్క ప్రతి శనివారం వెళ్తూనే ఉంది. ఆగిపోయినవాళ్ల పక్కన కూర్చుని చూస్తుంది, ఇంటికొచ్చి దిద్దుతుంది. క్లాసయ్యాక అందరూ కబుర్లాడుకుంటూ మెట్లు దిగిపోతారు. ఆమె కుర్చీలు సర్ది, దీపాలు ఆర్పి, వెనకగా బయల్దేరుతుంది.