పిన్ని తుడిచిన బల్ల

మా బడి కంప్యూటర్ గదిని ఇరవై రెండేళ్లుగా ఊడ్చి, తుడిచి, తాళం వేసే ఆవిడను పిల్లలు ల్యాబు పిన్ని అంటారు. భుజాన తడిగుడ్డ లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. బల్ల మీద వేలిముద్ర కనబడితే ఆమెకు ముద్ద దిగదు. చదివింది ఐదో తరగతే గాని, ఎవరు ఎవరికి లెక్క చెబుతున్నారో, ఎవరు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారో లెక్కల మాస్టారినైన నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఈ ఏడాది ఆ గదిలోకి, పిల్లల చేత కలిసి చదివించే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది. నలుగురికి ఒక జట్టు, మనిషికో కంప్యూటరు. అది లెక్క ఇస్తుంది, పిల్లలు టైపు చేసుకుంటూ చర్చించాలి. ఎవరెంత టైపు చేశారో చూసి సహకారానికి మార్కులు వేస్తుంది. దాన్ని కొనమని సిఫారసు రాసింది నేనే. తలుచుకుంటే నా మీద నాకే రోత.

కిటికీ పక్క జట్టులో ఒక బక్కపిల్ల ఉంది. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కునేసరికి దానికి తెల్లారిపోతుంది. అందుకని బల్ల మీదే పెన్సిలుతో లెక్క వేసి, మిగతా ముగ్గురికీ బుర్రకెక్కేదాకా చెప్పేది. వాళ్లు టైపు కొట్టేవారు. అందులో ఒకడు "అవును, కరెక్ట్, సూపర్" తప్ప మరో ముక్క కొట్టి ఎరగడు. వాడికి తొంభై మార్కులు, బక్కపిల్లకు నాలుగు. "సహకరించదు" అని నివేదిక. దాన్ని పట్టుకుని ఆ పిల్లను వెనకబడ్డవాళ్ల సెక్షనులోకి తోసేస్తామన్నారు హెడ్‌మాస్టరు.

సంగతి తెలిసి పిన్ని భుజాన గుడ్డతోనే ఆయన గదిలోకి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అన్యాయం సార్. ఆ జట్టులో అందరికీ చెప్పేది ఆ పిల్లే."

"మిషను అబద్ధమాడుతుందా? రుజువేదమ్మా?"

"బల్ల మీదుంది. రండి, చూపిస్తా."

ముగ్గురం వెళ్లాం. బల్ల తళతళలాడుతోంది. క్లాసు అవగానే, రోజూలాగే, పిన్నే తుడిచేసింది. కోపంలో ఆ మాటే మరిచిపోయింది. 

"అయ్యో, నా చేతులు విరగ!" అంది.

హెడ్‌మాస్టరు బల్ల మీద వేలు రాసి చూసుకుని, "భలే శుభ్రంగా ఉంచుతావమ్మా" అని మెచ్చుకుని వెళ్లిపోయారు. ఆ పిల్ల చెప్పడం నేనూ ఒకటి రెండుసార్లు చూశాను. అయినా సిఫారసు నాది కదా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

మర్నాడే పిల్లను మార్చేశారు. తరవాతి క్లాసులో మిగిలిన ముగ్గురి తెర చూశాను. "నీకొచ్చా?" "రాదు. నీకో?" "నాకూ రాదు." పీరియడంతా ఇదే టైపు కొట్టారు. ముగ్గురికీ పచ్చ నక్షత్రం, కింద "చక్కటి సహకారం" అని కితాబు.

నా వెనక నిలబడి చూసిన పిన్ని "థూ" అంది. తెర వైపు చూసి కాదు, నన్ను చూసి.

ఆ బల్లను ఆవిడ ఇప్పుడు తుడవడం లేదు. నెల అయింది, దుమ్ము పేరుకుంది. దాని మీద పెన్సిలు గీత ఒక్కటీ పడలేదు.