తడవని కప్పు

2023 ఫిబ్రవరి, కాల్గరీ. ఊరికి ఉత్తరాన ఒక చిన్న ప్లాజాలో ఉన్న లిక్కర్ స్టోర్‌లో నేను వైన్ బయ్యర్‌ని. బయ్యర్ అంటే ఏ సీసా షెల్ఫ్ ఎక్కాలో రుచి చూసి తేల్చే మనిషి. పుట్టింది మచిలీపట్నంలో, పాస్టరు గారింట్లో. మా నాన్న చర్చిలో సంస్కారపు బల్ల దగ్గరి ద్రాక్షరసం తప్ప ఇంకోటి ఎరగడు. ఇక్కడి తెలుగు చర్చిలో ఎవరైనా ఏం చేస్తున్నారని అడిగితే "రిటైల్" అని ఊరుకుంటాను. అంతకంటే చెబితే నా కోసం ప్రార్థన మొదలుపెడతారు.

ఆ ఏడాది ఎక్కడ చూసినా మన స్టూడెంట్లే. రోజుకొకరైనా రెజ్యూమే పట్టుకుని వచ్చేవారు. అలా వచ్చినవాడే సుధీర్. తుని దగ్గర పల్లెటూరు వాడిది. కాలేజీలో సప్లై చెయిన్ చదువుతూ, తీరిక వేళల్లో పాత కారులో ఫుడ్ డెలివరీ చేసేవాడు. పెట్టెలు మోయడానికి తీసుకున్నాను.

ఒకరోజు మస్కడే సీసా ఒకటి జారి పగిలింది. ఫ్రాన్స్‌లో సముద్రానికి దగ్గరగా పండే ద్రాక్షతో చేసే చవక వైట్ అది. సుధీర్ నేల తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు.

"ఆంటీ, ఉప్పుటేరు గట్టు మీద నిలబడ్డట్టుంది కదా?"

ఆ వైన్ గురించి పుస్తకాల్లో రాసేదీ అదే. వీడు ఏ పుస్తకమూ చూడలేదు. "నీ ముక్కు బాగుందిరా," అన్నాను. ఇంత ముక్కు పెట్టుకుని పెట్టెలు మోయడమేంటి అనిపించింది నాకు.

మా కస్టమర్లు అడిగేది ఒకటే, పాతిక డాలర్ల లోపు మంచి ఫ్రెంచ్ వైట్ ఏముందని. పార్టీ ఉందంటే బుడగలది కావాలి, షాంపేన్ మాత్రం కొనలేరు. వాళ్ళకి క్రెమాన్ చూపిస్తాను. అదీ షాంపేన్ లాగే సీసాలోనే బుడగలు పుట్టించిన వైన్, పేరున్న ఊరిది కాదు గనక ధర సగం కూడా ఉండదు. సీసా మీద 'బ్రూట్' అని ఉంటే తీపి లేనట్టే. మిగిలినదంతా నోటితో తేల్చుకోవలసిందే.

నెలకోసారి వైన్లు దిగుమతి చేసే కంపెనీ ఏజెంటు ఒకామె శాంపిల్స్ తెచ్చేది. క్యుబెక్ నుంచి వచ్చిన సరదా మనిషి. ఆ నెల పన్నెండు సీసాలు తెచ్చింది, అన్నీ చవకరకం ఫ్రెంచ్ వైట్లూ క్రెమాన్లూ. సుధీర్‌ని కూడా కూర్చోబెట్టాను. ఒక్కొక్కరి ముందూ ఒక అట్టకప్పు. రుచి చూసి అందులో ఉమ్మేయాలి.

"ఇది తాగే పని కాదు, చూసే పని. ఒక్క చుక్క కూడా మింగకు," అన్నాను.

"సరే ఆంటీ."

ప్రతిసారీ పక్కకి తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కప్పు ఎత్తేవాడు. ఎంత పద్ధతిగా ఉమ్ముతున్నాడో అనుకున్నాను. మొదట నోరు విప్పలేదు గానీ పోనుపోను హుషారొచ్చింది. ఒకదాన్ని జామకాయ అన్నాడు, ఒకదాన్ని తడిసిన సున్నపు గోడ అన్నాడు. చివరి క్రెమాన్‌కి కళ్ళు మూసుకుని, "టీలో ముంచిన రస్కు ఆంటీ, బాగా ముంచింది," అన్నాడు. నేను ఇంగ్లీషులో చెబితే ఏజెంటు బల్ల చరిచి నవ్వింది. అదే కొన్నాం. మొట్టమొదటిసారి తన మాట చెల్లిన సంతోషంలో అంతలా మాట్లాడుతున్నాడనుకున్నాను.

కోటు వేసుకుంటుంటే అడిగాను. "అన్నీ ఉమ్మేశావా?"

"ఆ, ఉమ్మేశా ఆంటీ." డెలివరీకి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

ఏజెంటు కూడా వెళ్ళాక బల్ల సర్దాను. నా కప్పు నిండుగా ఉంది, ఆమెదీ నిండుగానే ఉంది. సుధీర్ కప్పు అడుగు కూడా తడవలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చేస్తూనే ఉన్నాను. చివరికి ఎత్తాడు.

"ఆంటీ, ఒక ముసలాయన్ని గుద్దేశాను."

"బతికున్నాడా?"

"మూలుగుతున్నాడు. అంబులెన్స్‌కి ఎవరో ఫోన్ చేశారు."

"అక్కడే ఉండు. ఎక్కడికీ కదలకు."

కదల్లేదు. అదొక్కటే వాడు ఆ రోజు చేసిన మంచి పని.

ముసలాయన రోడ్డు దాటుతుండగా జరిగింది. తుంటి విరిగింది. పోలీసులు సుధీర్ చేత ఊదిస్తే మందు హద్దు దాటిందని తేలింది. ప్రాణం దక్కింది గానీ ఆయన మళ్ళీ తన ఇంటి మెట్లు ఎక్కలేకపోయాడు. మనిషికి గాయమైంది గనక అది జరిమానాతో పోలేదు, క్రిమినల్ కేసయింది. ఈ నేరం రుజువైతే చదువుకీ ఇక్కడ ఉండే పర్మిట్‌కీ నీళ్ళొదులుకోవలసిందేనని లాయరు ముందే చెప్పాడు. సుధీర్ కోర్టులో ఒప్పుకున్నాడు. దేశం వదిలి వెళ్ళమన్నారు.

వెళ్ళేముందు స్టోర్ టీషర్టు ఉతికి, మడతపెట్టి తెచ్చిచ్చాడు. ఎముకల గూడులా ఉన్నాడు. జాలి పడదామనే అనుకున్నాను. కోపమే వచ్చింది.

"ఎందుకు మింగావురా? చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"చెప్పారు ఆంటీ."

"మరి?"

"మీరిద్దరూ పెద్దవాళ్ళు. మీ ముందు, బల్ల మీద, ఎంగిలి ఎలా ఉమ్మను? నోట్లో పెట్టింది ఉమ్మితే మా అమ్మ వీపు చీరేసేది. ఒక్కో గుక్కే కదా, ఏమవుద్దిలే అనుకున్నా."

"మరి ఉమ్మానని నాతో ఎందుకన్నావు?"

"మీరు ముక్కు బాగుందన్నారు కదా. మళ్ళీ పిలవరేమోనని."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఆ క్రెమాన్ పోతోందా ఆంటీ?"

"పోతోంది."

"రస్కు అనే చెబుతున్నారా?"

"అదే చెబుతున్నా," అన్నాను. తలూపి వెళ్ళిపోయాడు.

చెప్పడం వేరు, నేర్పడం వేరు. ఆ తేడా నాకు తెలిసేసరికి ఒకాయన నడక పోయింది, ఒక కుర్రాడి బతుకు తలకిందులైంది. ఇప్పుడు కొత్తవాళ్ళకి ముందు వైన్ పొయ్యను, మంచినీళ్ళు పోస్తాను. అందరూ చూస్తుండగా నేనే మొదట ఉమ్ముతాను. మనవాళ్ళు మొహం తిప్పుకుంటారు, ఒక పిల్లయితే "ఛీ ఆంటీ" అనేసింది. అననివ్వండి. వాళ్ళూ ఉమ్మేదాకా సీసా మూత తియ్యను. ఒకరి ఎంగిలి కప్పులోకి తొంగిచూడమని మా ఇంట్లో నాకెవరూ నేర్పలేదు. అయినా ఎవరు కోటు వేసుకోవాలన్నా, ముందు వాళ్ళ కప్పు నా చేత్తో వంచి చూస్తాను.