కుర్చీలు దించిన పది నిమిషాలు

నూజివీడులో మాది పాత సీడీలను ఫోన్‌లో ఆడేలా మార్చి ఇచ్చే షాపు. ఈ రోజు చాట్రాయి నుంచి వచ్చిన మరియమ్మగారికి వాళ్ల మరిది పెళ్లి సీడీ మార్చి ఇచ్చాను. పెళ్లికి ముందు చర్చి బయట మామిడికాయల ట్రాక్టర్‌లోంచి కుర్చీలు దించే పది నిమిషాలు ఎందుకులే అని నేనే కత్తిరించాను. ఆవిడ అక్కడే ఫోన్‌లో చూసి కంగారుపడ్డారు.

"కుర్చీలు దించే ముక్క ఏదండీ?"

"అదెందుకండీ? పెళ్లంతా ఉందిగా!"

"మా ఆయన పోయి ఆర్నెల్లయిందండీ. ఆయన కనిపించేది ఆ కుర్చీల దగ్గరే. తర్వాతంతా వంటల దగ్గరే ఉండిపోయారు."

అదృష్టం, సీడీ ఇంకా నా దగ్గరే ఉంది. మళ్లీ మొదటి నుంచి మార్చాను, ఒక్క సెకను కూడా కొయ్యలేదు. నా తెలివికి నాకే సిగ్గేసింది.

మీ ఇంటి పెళ్లి వీడియోలో కుర్చీలు మోసిందెవరో ఒకసారి చూసి చెప్పండి.