మల్సూరు తీగె మహిమ

లోకంలో ఏది చెడినా మల్సూరు లెక్కన తప్పు తీగెదే.

సూర్యాపేటలో మా పక్క సందులో అతనికి సైకిళ్ళ దుకాణం ఉండేది. యుద్ధం అయిపోయాక సికింద్రాబాదు లష్కర్‌లో మిలిటరీ పాత సామాన్లు అమ్ముతుంటే పోయి ఒక రేడియో కొనుక్కొచ్చాడు. ఆ రేడియో పదిమందికీ వినపడేట్టు మాట్లాడేది కాదు. చెవులకు తగిలించుకునే రెండు నల్లగిన్నెలు ఉండేవి, వాటిలోనే వినాలి. మా వాడంతా వాటిని చెవిచిప్పలు అనేవాళ్ళు. రేడియోకూ చెవిచిప్పలకూ నడుమ ఒక తీగె. తీగె ఎంత మంచిదైతే మాట అంత తియ్యగా వస్తుందని మల్సూరు వాదం.

వార్తలు చదివే ఆయన దగ్గితే, "తీగెకు చిలుం పట్టింది" అని ఆ రాగితీగెను విప్పి, బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమేవాడు. ఆ చింతపండు మా ఇంటిది. ఎండాకాలం తీగె మీద తడిగుడ్డ కప్పేవాడు. వానాకాలం బాలింతకు వేసినట్టు సాంబ్రాణి పొగ వేసేవాడు.

ఒకసారి మంచి తీగె కోసం మిర్యాలగూడ దాకా సైకిలు తొక్కాడు. అక్కడ చుట్టాలామెను, "అక్కా, మీ తాన మంచి తీగె యాడ దొరుకుతది?" అని అడిగాడట. ఆమె సంబరంగా పెరట్లోకి పోయి ఇంత సొరతీగె తెంపి ఇచ్చింది. కాదనలేక సైకిలుకు చుట్టుకొని వచ్చాడు.

"ఏం రా, పెట్టి విన్నవా?" అన్నాడు దర్జీ యాదయ్య.

"పచ్చిగున్నదే. జర ఎండనీ."

యాదయ్య ఊరుకునే మనిషి కాదు. "ఇత్తడి బిందెల తెచ్చినా మట్టికుండల తెచ్చినా నీళ్ళు నీళ్ళే గదరా. ఏ తీగెల వచ్చినా మాట మాటే."

"మట్టికుండ నీళ్ళు సల్లగుంటయి గదనే!"

యాదయ్య లేచి పోయి తన మట్టికుండలో నీళ్ళు ముంచుకొని తాగాడు.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు మా ఆయన జ్వరంతో పోయారు. మల్సూరు ఆయనకు దోస్తు. ఆయన పోయినప్పటి నుంచి మా అత్త అచ్చమ్మ మాట మానేసింది. కంచం ముందు పెడితే చెయ్యి కడుక్కొని లేచేది. ఓదార్చ వచ్చినవాళ్ళంతా ఓదార్చి ఓదార్చి అలిసిపోయారు. ఇట్లనే ఉంటే మనిషి దక్కదని వైద్యుడు నాతో చెప్పి పోయాడు.

మల్సూరు ఓదార్చలేదు. రేడియో పట్టుకొచ్చి చెవిచిప్పలు ఆమె తలకు తగిలించాడు.

"పెద్దమ్మా, గిది కోదాడ తీగె. ఆగు." ఆమె వీపు వెనకకు పోయి ఏదో గలగలలాడించాడు. "గిది బెజవాడ తీగె. ఏది మంచిగున్నది?"

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అడిగిందే అడిగేవాడు. చివరికి ఒక సాయంత్రం ఆమె చెవిచిప్పలు లాగి ఒళ్ళో పడేసింది.

"రెండూ ఒకతీరుగనే గుర్రుమంటున్నయి! గా పాడేటామెను ముందుగాల ఇన్ని నీళ్ళు తాగమను!"

నెలల తర్వాత మా ఇంట్లో ఆమె గొంతు అది.

"ఆమెది కాదు పెద్దమ్మా తప్పు. తీగెది."

"నీ మొకం తీగె!"

"ఖాళీ కడుపుతోని వింటే చెవులు మోసం చేస్తయి. రెండు ముద్దలు తిని చెప్పు, అప్పుడు ఒప్పుకుంట."

అతన్ని ఓడించాలన్న పంతానికి ఆమె తిన్నది. అప్పటి నుంచి అదే పద్ధతి. ముందు అన్నం, తర్వాత తీగె, తర్వాత తిట్లు.

ఒకనాడు నేను వంటింటి గడప దగ్గర నిలబడి చూశాను. అతను ఆమె వెనక తీగె ఊడదీసి, ఇటుది అటు తిప్పి, మళ్ళీ దాన్నే పెట్టాడు. రెండో తీగె లేనే లేదు. పోయేటప్పుడు సందు మొదట్లో ఆపాను.

"మల్సూరూ, తీగె ఒక్కటే గద?"

"మెల్లగ వదినే, యాదయ్య వింటడు!" అటూ ఇటూ చూశాడు. "తీగెల ఏం లేదని నాకు ఎన్నడో తెల్సింది. అన్న ఉన్నప్పుడే నాకు తెల్వకుంట తీగె మార్చి పెట్టి, నేను పోల్చలేదని పట్టుకున్నడు. ఎవ్వరికీ చెప్పలే. మంచోడు."

ఇంట్లోకి వచ్చేసరికి అత్త కంచం కడుగుతోంది.

"రేపు జరంత బియ్యం ఎక్కువ పొయ్యి. వాడు గా ఒక్క తీగెనే తిప్పి తిప్పి అలిసిపోతున్నడు."

"నీకు తెలుసా అత్తమ్మా?"

"ముడి ఉన్నది గదే దానికి. ఎన్నిసార్లు మార్చినా గదే ముడి మెడకు గీసుకుంటది." కంచం బోర్లించింది. "నాకు తెలుసని వానికి చెప్పకు. నిజంగనే రెండోది కొనుక్కొస్తడు."